ఇంకోచోట అడిగొస్తాను

సోమవారం పొద్దున షాపు షట్టరు ఎత్తేసరికి అతని దగ్గర ఉన్నవి ఇవి: నోట్లో ముప్ఫై పళ్ళు, గురువారానికల్లా తేల్చుకోవాల్సిన ఒక మూతపడ్డ మిల్లు మోటార్ల లాటు, బజారంతా వాడుకునే ఒక పేరు, ఎడమ దవడలో గుండెతో సమానంగా కొట్టుకుంటున్న ఒక నొప్పి. మొదటి మూడింటినీ కాపాడుకుంటూ నాలుగోదాన్ని ఎలా వదిలించుకోవాలా అని ఆలోచిస్తూ పాత మోటార్ల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

బజారులో అతన్ని మూడు షాపుల బాబాయ్ అంటారు. చీపురు కొన్నా మూడు షాపుల్లో అడగనిదే కొనడు. "ఇంకోచోట అడిగొస్తాను" అని మెట్లు దిగేటప్పుడు వెనకనుంచి షాపువాడు పిలిచే పిలుపులో అసలు రేటు ఉంటుందని అతని నమ్మకం. పిలవకపోతే వాడు మొదటే నిజం చెప్పాడన్నమాట. అలాంటివాళ్ళు అతనికి పాతికేళ్ళలో ఇద్దరో ముగ్గురో తగిలారు.

పదింటికి బట్టలుతికే షాపాయన ఒక పాత మోటారు అమ్మడానికి తెచ్చి నేలమీద దింపాడు. అతను షాఫ్టుని చేత్తో తిప్పాడు. వైండింగు దగ్గర ముక్కు పెట్టి కాలిన వాసన ఉందేమో చూశాడు. తర్వాత మోటారుకి కరెంటు ఇచ్చి, పెద్ద స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. బేరింగు లోపల ఏముందో పిడిలోంచి వినిపిస్తుంది. ఆ తర్వాత చేసే పని ఒకటుంది, అది వినడం కంటే ముఖ్యం. కళ్ళు సగం మూసి, కనుబొమలు దగ్గరికి తెచ్చి, ఇంటాయన పోయిన వార్త మోసుకొచ్చినవాడిలా ముఖం పెట్టాలి. మోటారు ఎంత బాగుంటే ముఖం అంత దిగులుగా ఉండాలి.

ఆ రోజు ఆ అవసరం లేకపోయింది. మోటారు అదురు పిడిలోంచి దవడ ఎముకలోకి దిగి, కింది వరస చివరి పంటిని పట్టి కుదిపింది. అతని కంట్లోంచి నీళ్ళు కారాయి.

"అంత పాడైందా బాబాయ్?" అన్నాడు బట్టలాయన గాభరాగా. "సరే, నీ ఇష్టమొచ్చినంత వేసుకో."

పాతికేళ్ళ నటనకి దక్కనిది నిజమైన నొప్పికి దక్కింది. అది కూడా అతను లాభం కిందే రాసుకున్నాడు.

పక్కనున్న మందుల షాపు మిత్రుడు మూడు రకాల బిళ్ళలు కాగితంలో చుట్టిచ్చాడు. "ఇది నొప్పికి, ఇది వాపుకి, ఈ పెద్దది చీముకి. పెద్దది ఐదు రోజులు వాడాలి."

"రెండు రోజులకి ఇవ్వు. తగ్గితే మిగతావి దండగ."

"దండగేంటి, పూర్తిగా వాడకపోతే..."

"నువ్వు అమ్మేవాడివి. ఐదు అనే అంటావు."

మధ్యాహ్నానికి బుగ్గ వాచింది. భార్య బిల్లు పుస్తకం మూసి, "ఏమండీ, సందు చివర పళ్ళ డాక్టరమ్మ కొత్తగా పెట్టింది కదా, చూపించుకోకూడదూ?" అంది.

"కొత్తగా పెట్టిందంటే కుర్చీ ఖరీదు ఇంకా రాలేదన్నమాట. నా నోట్లోంచి లాగుతుంది."

అన్నాడు గానీ వెళ్ళాడు. చిన్న గది, ఒకే కుర్చీ, గోడకి ఆనుకుని బెంచీ. డాక్టరమ్మకి ముప్ఫై దాటి ఉండవు. చిన్న అద్దం వెనక కాడతో పళ్ళని ఒక్కొక్కటిగా తట్టింది. ఇది, ఇది, ఇది... చివరి దాని మీద తట్టగానే అతను కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచాడు. ఆమె ఎక్స్‌రే తీసి వెలుతురుకి ఎత్తి చూసింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. కళ్ళు చిన్నవయ్యాయి.

అతనికి ఆ ముఖం తెలుసు. రోజూ తను పెట్టేదే.

"వేరు చివర ఈ నల్లటి సంచి చూడండి. చీము. ఈ పన్ను ఇవాళే తీసేసి చీముకి దారి ఇవ్వాలండీ. బిళ్ళలు ఒక్కటే సరిపోవు. లోపల మూత వేసి పైన మందు పోసినట్టుంటుంది."

"ఇవాళే?"

"ఇవాళే."

ఇవాళే అన్న మాట దగ్గర అతని అనుమానం గట్టిపడింది. ఈ రేటు ఇవాళొక్కరోజే అని అతను కూడా వారానికి ఆరుసార్లు అంటాడు.

"ఇంకోచోట అడిగొస్తాను" అన్నాడు. మెట్లు దిగుతూ చెవి వెనక్కి పెట్టాడు. ఆమె పిలిచింది.

"అడగండి. కానీ నోరు తెరుచుకోవడం తగ్గినా, మింగడం కష్టమైనా, నా దగ్గరికి కాదు, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి."

రేటు మాత్రం తగ్గించలేదు. ఇదేదో కొత్త రకం బేరం అనుకున్నాడు.

రెండో డాక్టరు పెద్ద వీధిలో, చల్లటి గదిలో ఉన్నాడు. పన్ను తీయక్కర్లేదన్నాడు, నరం తీసి తొడుగు వేద్దామన్నాడు, నాలుగుసార్లు రమ్మన్నాడు. ఒకామె తీసేయాలంటుంది, ఇంకొకాయన ఉంచాలంటాడు. ఒకే మోటారుకి ఇద్దరు మెకానిక్కులు రెండు జబ్బులు చెబితే ఇద్దరికీ మోటారు తెలియదని అర్థం. మంగళవారం సాయంత్రం బస్టాండు వెనక మూడోవాడి దగ్గరికి వెళ్ళాడు. ఆ డాక్టరు లేచి నిలబడకుండానే నోట్లోకి తొంగిచూసి, "ఏం లేదు, వేడి. బిళ్ళలు రాస్తాను, వారం తర్వాత రండి" అన్నాడు. ముఖం పెట్టలేదు. ఇవాళే అనలేదు. అన్నిటికంటే తక్కువలో తేల్చాడు.

మూడు షాపులూ అయ్యాయి. మూడోది ఖాయం చేసుకున్నాడు.

*

బుధవారం పొద్దున లేచేసరికి నొప్పి లేదు.

తగ్గడం కాదు, లేనే లేదు. రెండు రోజులుగా దవడలో కొడుతున్న సుత్తి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది. అతను మంచం మీద కూర్చుని నాలుకతో ఆ పంటిని నొక్కి చూశాడు. ఊరికే కొంచెం కదిలింది.

"చూశావా?" అన్నాడు భార్యతో. "ఆవిడ మాట విని ఉంటే ఈపాటికి పన్ను డబ్బాలో ఉండేది."

భార్య అతని మెడకేసి చూసింది. "నొప్పి పోతే మరి ఆ వాపేంటండీ, కిందికి దిగింది?"

"దిగిపోతోందనే దిగింది."

శబ్దం చేసే మోటారు ఒక్కసారిగా శబ్దం మానేస్తే బాగైందని కాదని బజారులో అందరికంటే ముందు చెప్పేవాడు అతనే. ఆ పొద్దున అది అతనికి గుర్తు రాలేదు. మిల్లు లాటు గుర్తొచ్చింది. రోజంతా మిల్లు షెడ్డులో తిరిగి మోటార్లు లెక్కపెట్టాడు. మధ్యాహ్నం మంచినీళ్ళు తాగబోతే గ్లాసు అంచు పళ్ళ మధ్య పట్టలేదు. నోరు రెండు వేళ్ళ వెడల్పే తెరుచుకుంది. సాయంత్రానికి ఒక వేలు. ఒళ్ళు వెచ్చబడింది. బిళ్ళలు మింగుడు పడలేదు. ఎలాగూ నొప్పి లేదు కదా అని మిగిలినవి సొరుగులో వేశాడు, ఎప్పటికైనా పనికొస్తాయని.

గురువారం పొద్దున గడ్డం కింద చెయ్యి పెడితే చర్మం చర్మంలా లేదు. చెక్కలా ఉంది. ఒక పక్కే కాదు, రెండు పక్కలా. నాలుక నోట్లో పట్టనట్టు పైకి లేచి, మాట ముద్దగా వస్తోంది. ఉమ్ము మింగలేక భుజం మీది తువ్వాలుతో మాటిమాటికీ తుడుచుకుంటున్నాడు. మిల్లు వాళ్ళతో ఫోనులో మాట్లాడితే అవతలివాడు, "ఏం బాబాయ్, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నావు, రేటు నమలడానికా?" అని నవ్వాడు.

భార్య ఇంక అడగలేదు. షట్టరు సగం దించి, చెయ్యి పట్టుకుని సందు చివరకి నడిపించుకుపోయింది.

బెంచీ మీద నలుగురున్నారు. డాక్టరమ్మ లోపలి మనిషి పని ఆపి, అతన్ని గుమ్మంలోనే చూసి, దగ్గరికొచ్చి గడ్డం కింద రెండు వేళ్ళతో నొక్కింది. నొక్కిన చోట సొట్ట పడలేదు.

"నాలుక పైకెత్తండి."

ఎత్తలేకపోయాడు. అది అప్పటికే పైన ఉంది.

"నొప్పి ఎప్పుడు పోయింది?"

"నిన్న" అంది భార్య. "పోయింది కదా అనే ఊరుకున్నాం డాక్టరమ్మా."

"ఎముక లోపల బిగుసుకుని ఉన్నంతసేపే నొప్పి. ఎముకకి కన్నం చేసుకుని చీము బయటపడింది, అందుకే నొప్పి పోయింది. ఇప్పుడది మెడ కండల మధ్యకి దిగుతోంది. ఇంకొంచెం వాస్తే ఊపిరి దారి మూసుకుపోతుంది." అతని కళ్ళలోకి చూసి ఒక్కో మాట విడివిడిగా చెప్పింది. "ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. పడుకోకూడదు, కూర్చునే వెళ్ళాలి. ఏమీ తినొద్దు, తాగొద్దు. నేను వాళ్ళకి ఫోను చేసి చెబుతాను."

ఫోను చేస్తాను అన్నమాట దగ్గర అతని పాతికేళ్ళ వ్యాపారం లేచి నిలబడింది. మనిషిని పంపేవాడు ముందుగా ఫోను ఎందుకు చేస్తాడో అతనికి తెలియదా? పైగా ఆ ముఖం, అవే కనుబొమలు. సోమవారం పన్ను దగ్గర కుదరలేదు, ఇప్పుడు మనిషినే మొత్తంగా అమ్మేస్తోంది.

తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, ముద్దముద్దగా, కానీ బెంచీ మీదున్న నలుగురికీ వినపడేలా అడిగాడు. "అక్కణ్ణుంచి నీకెంత ముడుతుంది?"

ఆమెకి మొదట అర్థం కాలేదు. మళ్ళీ అన్నాడు. "మనిషికింతా? వాపుకింతా?"

"ఏమండీ!" అంది భార్య.

బెంచీ మీద చంటిపిల్లతో ఉన్నామె పిల్లని ఎత్తుకుని లేచింది. ఆమె వెనక ఒక ముసలాయన, "తర్వాత వస్తామమ్మా" అంటూ చెప్పులు వేసుకున్నాడు. డాక్టరమ్మ వాళ్ళకేసి చూడలేదు. చేతి తొడుగులు తీసి డబ్బాలో పడేసి, ఫోను అందుకుంది.

"నన్ను తర్వాత తిట్టుకోండి. ముందు వెళ్ళండి."

అతను వెళ్ళాడు, షాపుకి.

*

పన్నెండింటికి మిల్లు వాళ్ళ మనిషి కాగితాలతో వచ్చాడు. అతను స్టూలు మీద ముందుకి వంగి కూర్చున్నాడు. వెనక్కి ఆనుకుంటే ఊపిరి ఆడటం లేదు. గొంతులో గాలి పోతూ వస్తూ ఈల వేస్తోంది. మిల్లు మనిషి కాగితం చాపి, "సంతకం పెట్టు బాబాయ్" అన్నాడు. అతను కాగితాన్ని చూశాడు, అక్షరాలు తేలిపోతున్నాయి. బేరమాడటానికి నోరు తెరిచాడు. మాట రాలేదు. ఉమ్ము మాత్రం గడ్డం మీదుగా కాగితం మీద పడింది.

మిల్లు మనిషి కుర్చీ వెనక్కి జరిపాడు. "అమ్మా, ఈయన రంగు చూడు."

ఆటోలో అతను ముందుసీటు కడ్డీ రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి గుమ్మంలో చక్రాల కుర్చీతో ఒకతను నిలబడి ఉన్నాడు. పక్కన ఆకుపచ్చ బట్టల సర్జను. "దవడ వాపు, సందు చివర క్లినిక్కు నుంచేనా?" అన్నాడు. "పదింటికి రావాల్సినవాళ్ళు. ఆవిడ రెండుసార్లు ఫోను చేసింది, వచ్చారా వచ్చారా అని."

లోపల అన్నీ వేగంగా జరిగాయి. చేతికి సూది, వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర గాలి గొట్టం. సర్జను భార్య ముందు కాగితం పెట్టాడు. "గడ్డం కింద కోసి చీము తీయాలి, పన్ను తీసేయాలి. దానికి ముందు ఊపిరి దారి కాపాడాలి. ముక్కులోంచి గొట్టం వేస్తాం, ఆయన మెలకువగా ఉండగానే. అది కుదరకపోతే మెడ దగ్గర కన్నం చేయాల్సి రావచ్చు. సంతకం పెట్టండమ్మా."

భార్య కాగితం తీసుకుంది. ఆ చివరనుంచి ఈ చివరకి చూసింది. ఇరవై ఏళ్ళుగా అతని పక్కన బిల్లు పుస్తకంతో కూర్చున్న మనిషి. అతను నేర్పినదంతా నేర్చుకున్న మనిషి. కాగితం మడిచి, గొంతు సవరించుకుని అంది:

"ఒక్కసారి ఇంకోచోట అడిగొస్తామండీ."

అతను విన్నాడు. అది తన మాటే, తన గొంతు లేకుండా. పిలుస్తాడేమోనని చెవి వెనక్కి పెట్టడం కూడా అచ్చం తనలాగే.

సర్జను పిలవలేదు, తగ్గించలేదు. "అడగడానికి టైము లేదమ్మా" అన్నాడు, అంతే.

అతని కళ్ళు సర్జను ముఖాన్ని వెతికాయి. దగ్గరికొచ్చిన కనుబొమలు, చిన్నవైన కళ్ళు. అదే ముఖం. నకిలీ అని చెప్పడానికి ఎక్కడా గుర్తు దొరకలేదు. సోమవారం బట్టలాయన ముందు తన ముఖం మీద కూడా దొరికి ఉండదు. ఊపిరి కోసం లాగాడు. సగమే వచ్చింది. ఇంకొకటి లాగాడు, ఇంకా తక్కువ వచ్చింది.

చెయ్యి చాపి భార్య చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. సర్జను జేబులోంచి పెన్ను తనే తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారి చదవకుండా సంతకం పెట్టాడు.

*

మెలకువ వచ్చాక చాలాసేపు తనది కాని శబ్దం ఏదో వింటూ పడుకున్నాడు. అది తన ఊపిరే, గొట్టంలోంచి. గడ్డం కింద రెండు చోట్ల కోత, ఒక్కోదాంట్లోంచి మెత్తటి రబ్బరు ముక్క బయటికొచ్చి, దూదిలోకి పచ్చగా కారుతోంది. నర్సు రోజుకి మూడుసార్లు వచ్చి దూది మార్చి, ఎంత తడిసిందో చీటీ మీద రాసుకునేది. కారడం తగ్గుతున్న కొద్దీ ఆమె ముఖం మామూలుగా అవుతోంది. అతను ఆ ముఖాన్నే చూస్తూ ఉండేవాడు. అందులో ఆమె ఏమీ కలపడం లేదని మూడో రోజుకి నమ్మకం కుదిరింది.

గొట్టం తీశాక కూడా మాట రాలేదు. సర్జను వచ్చినప్పుడు చీటీ వెనక రాసి చూపించాడు: "ఆ డాక్టరమ్మకి మీరెంత ఇస్తారు?"

భార్య తల కొట్టుకుంది. సర్జను చీటీ రెండుసార్లు చదివాడు.

"ఆవిడెవరో నాకు తెలియదు. పేరు కూడా గుర్తులేదు. ఆసుపత్రి నంబరుకి చేసి, అందినవాళ్ళని వదలకుండా పట్టుకుని నా దాకా వచ్చింది. గొంతు విన్నాను, మనిషిని చూడలేదు." తలుపు దగ్గర ఆగాడు. "ఇంకో గంట ఆలస్యమైతే మీ భార్యతో వేరే కాగితం మీద సంతకం పెట్టించేవాణ్ణి."

అతను చీటీ వెనక్కి తీసుకుని నాలుగు మడతలు పెట్టి దిండు కింద దాచాడు.

*

పదకొండో రోజు, గడ్డం కింద పట్టీతో, సందు చివరకి ఒక్కడే నడిచాడు. దారిలో రెండు మాటలు సిద్ధం చేసుకున్నాడు. రెండూ అతనికి అలవాటు లేనివి.

బెంచీ మీద లారీ డ్రైవరొకడు, అతని భార్య. డ్రైవరు కుడి బుగ్గ గడ్డం కిందిదాకా దిగి ఉంది. డాక్టరమ్మ అతని ముందు నిలబడి ఉంది, చేతిలో ఒక కాగితం.

"మీరు ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలని నేను చెప్పాను, మీరు విన్నారు. అది రాసి కింద సంతకం పెట్టండి."

"సంతకమెందుకు?" డ్రైవరు మాట అప్పుడే ముద్దగా వస్తోంది. "పంటి నొప్పికి సంతకమేంటి మేడమ్?"

"ఈమధ్యే పెట్టాను. ఎవరినైనా అక్కడికి పంపేటప్పుడు రాయించుకుంటున్నాను." అప్పుడు ఆమె అతన్ని చూసింది. ముఖంలో ఏమీ మారలేదు. కాగితం మాత్రం కాస్త గట్టిగా పట్టుకుంది. "మీరా? మీకేం కావాలి?"

అతను సిద్ధం చేసుకున్న రెండు మాటల్లో మొదటిది నోటిదాకా వచ్చింది. "ఆ రోజు నేను..."

"గాయం ఆరుతోందా?"

"ఆరుతోంది."

"మంచిది. ఫిర్యాదేమైనా ఉంటే రాసివ్వండి, అక్కడ పెన్నుంది." ఆమె గొంతులో కోపం లేదు. లెక్క ఉంది. గుమ్మం తలుపు బార్లా తెరిచి ఉండటం, లోపలి మాటలు వీధిలోకి వినపడేలా ఉండటం అతను అప్పుడు గమనించాడు. ఆ రోజు లేచిపోయినవాళ్ళు తిరిగి రాలేదని అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బెంచీ చెప్పింది.

డ్రైవరు లేచాడు. "సంతకం పెట్టమన్నారంటేనే ఏదో ఉంది. పదవే, లోడు దింపేసి ఇంకోచోట చూపిద్దాం. ఇప్పుడు నొప్పి కూడా లేదు."

ఆ చివరి మాట విని అతను గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. పట్టీ కిందికి లాగాడు. ఎర్రగా, ఇంకా పక్కు కట్టని రెండు గీతలు. "నాకూ ఇలాగే నొప్పి పోయింది తమ్ముడూ. ఈవిడ చెబితే వినలేదు. విని ఉంటే ఒక్క పన్నుతో పోయేది."

డ్రైవరు గాయాన్ని చూశాడు, డాక్టరమ్మని చూశాడు, మళ్ళీ అతన్ని చూశాడు. వాచిన మూతి ఒక పక్కకి నవ్వింది.

"బాగానే కుదిర్చారు మేడమ్. చూపించడానికి మనిషిని కూడా పెట్టుకున్నారు." అతని వైపు తిరిగి, "నీకెంత ఇస్తారు బాబాయ్? మనిషికింతా?" అన్నాడు.

డాక్టరమ్మ కళ్ళు నేలమీదికి వాలాయి. ఆమె పెదవి చివర ఏదో కదిలింది. అది నవ్వో కాదో అతను తేల్చుకోలేకపోయాడు.

తను ఆమె పెట్టుకున్న మనిషి కాదని వాదించవచ్చు. ఎంత వాదిస్తే వీడికి అంత నమ్మకం పోతుందని అతనికంటే బాగా తెలిసినవాడు ఆ బజారులో లేడు. ఒట్టేసేవాడి దగ్గర అతను ఎప్పుడైనా కొన్నాడా?

"నువ్వన్నదీ నిజమే" అన్నాడు. "ఒకరి మాట మీద పోకూడదు. మూడు చోట్ల అడుగుదాం. నేనూ వస్తాను, నాకూ బజారులో అదే పేరు. కానీ అన్నిటికంటే పెద్ద షాపులో ముందడగాలి. అక్కడ సరుకేంటో తెలిస్తే మిగతా ఇద్దరూ మనల్ని మోసం చేయలేరు. ఆటో డబ్బులు నావి."

"లోడు..."

"పాలు కాదుగా, విరిగిపోవడానికి. ఒక్క గంట."

డ్రైవరు ఆలోచించాడు. తువ్వాలుతో గడ్డం తుడుచుకున్నాడు. అతను ఆ తుడుచుకోవడాన్ని చూసి, వీధిలోకి దిగి ఆటో ఆపాడు. వెనక డాక్టరమ్మ ఫోను తీసి, "దవడ వాపు, కుడివైపు. అవును, ఇప్పుడే బయల్దేరుతున్నారు" అనడం వినిపించింది.

ఆటోలో డ్రైవరు వెనక్కి ఆనుకోబోతే, "ముందుకి వంగి కూర్చో" అని కడ్డీ చూపించాడు.

రెండో చోటికి, మూడో చోటికి వెళ్ళాల్సిన పని పడలేదు. సర్జను గడ్డం కింద వేళ్ళు పెట్టి నొక్కి, ఒక్క మాట అని, డ్రైవర్ని లోపలికి తీసుకుపోయాడు. ఈసారి మెడ మీద కన్నం మాటే రాలేదు. వేళకే వచ్చారన్నాడు.

బయట ఇనుప కుర్చీల వరసలో డ్రైవరు భార్య కూర్చుంది. అతను పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె చేతిసంచి ఒళ్ళోకి తీసుకుని, జిప్పు లాగి, లేచి ఒక కుర్చీ వదిలి అవతల కూర్చుంది. కాసేపటికి ఎవరికో ఫోనులో తగ్గు గొంతుతో చెబుతోంది: "ఆ ఏజెంటు ఇంకా పోలేదన్నా, ఇక్కడే కూర్చున్నాడు. ఆయనకి రావాల్సింది రాలేదేమో."

అతను విన్నాడు, దిద్దలేదు.

పదకొండు రోజులకి అతనికి మిగిలింది చూసుకున్నాడు. మిల్లు లాటు వేరేవాళ్ళ పాలైంది. చెప్పాలనుకున్న రెండు మాటలు అలాగే లోపల ఉన్నాయి. చేరినవి రెండు: తలుపు అవతల, తన తాలూకు కాని ఒక మనిషి పూర్తిగా లాగి వదులుతున్న ఊపిరి, తలుపు ఇవతల, ఏజెంటన్న పేరు. మొదటిదానికి రెండోది ఎక్కువ రేటనిపించలేదు. ఇంకోచోట అడగకుండానే తీసుకున్నాడు.